సాయంత్రం కక్కే పెన్ను

పటమట, విజయవాడ
నవంబరు 17

అత్తకు,

ఉషశ్రీ నమస్కారాలు. మావయ్యకి కూడా.

ముందే చెప్తున్నాను, నవ్వకూడదు. నువ్విచ్చిన ఇంకు పెన్ను కక్కుతోంది. మొదట్లో మెడ దగ్గర కాస్త తడిగా ఉండేది, చేతిరుమాలుతో తుడుచుకుని రాసుకునేదాన్ని. ఇప్పుడు రాస్తూ ఉండగానే పాళీ చివర బొట్టు ఊరి కాగితం మీద పడుతోంది. మొన్న కెమిస్ట్రీ పరీక్షలో మూడో పేజీ మొత్తం పోయింది. సార్ ఆ పేజీని క్లాసులో ఎత్తి చూపించి, "ఇది జవాబా, కృష్ణా జిల్లా మ్యాపా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చేస్తాను. కుడిచేతి వేళ్లు మూడు నీలంగా ఉన్నాయి. హాస్టలు మెస్సులో అన్నం కలుపుకోవాలంటే సిగ్గుగా ఉంది.

బాల్ పెన్ను పట్టుకోమంటుంది మార్త. నా గదిలో ఉండే అమ్మాయి, అవనిగడ్డ వాళ్లు. కానీ బాల్ పెన్నుతో నా రాత ఎలా ఉంటుందో నీకు తెలుసు. మార్చి మొదటి వారంలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు. ఒక్కో పేపరూ మూడు గంటలు రాయాలి. ఇంకు పెన్నయితేనే నా అక్షరాలు నిలబడతాయి, చెయ్యి లాగదు. చవక పెన్నే, కొత్తది కొనుక్కోవచ్చు, కానీ దీనికి నా చెయ్యి అలవాటు పడిపోయింది.

ఆదివారం ఫోను ఐదు నిమిషాలు, అదీ అమ్మానాన్నల నంబరుకే. నాన్న మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఒంట్లో ఎలా ఉందమ్మా?" బ్రహ్మాండంగా ఉందంటాను. ఇంకేమనను? ఒంట్లో బాగోలేదని ఒక్కసారి చెవిన పడినా పెట్టె సర్దించి పెడన తీసుకొచ్చేస్తానని చేర్పించిన రోజే అన్నాడు. నువ్వు హామీ ఉన్నావు కాబట్టి ఈ మాత్రం ఒప్పుకున్నాడు. అలాంటి మనిషికి ఫోనులో పెన్ను గోల ఎందుకని నీకు ఉత్తరం రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. కొంచెం వేడి చేసింది, అంతే. స్పెషల్ బ్యాచ్‌లోనే ఉన్నాను, జారిపోలేదు. పెన్ను ఎలా బాగుచేసుకోవాలో వివరంగా రాయి. నా దగ్గర ఒక పిన్నీసు, కొవ్వొత్తి ముక్క, చిరిగిన చున్నీ ఉన్నాయి. వీటితో అయ్యే పనే చెప్పు.

ఉషశ్రీ


పామర్రు
నవంబరు 21

చిన్నీ,

మా మామగారైతే పావు పేజీ ఆశీర్వచనంతో మొదలుపెట్టేవారు. నాకంత ఓపిక లేదు. చల్లగా ఉండు, చాలు.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. మీ మావయ్య నవ్వారు. "పెన్నుల డాక్టరమ్మకి ఇన్నాళ్లకి పేషెంటు దొరికింది" అని పేపరు మడిచి మరీ నవ్వారు. ఆయన మాటా నిజమే. హైస్కూలు ఎదురుగా మామగారు కూర్చుని పెన్నులు బాగుచేసిన ఇదే కౌంటరు మీద ఇప్పుడు నేను ఆధార్ కార్డులు జిరాక్సు తీసి ఇస్తున్నాను. ఇంకు పెన్ను అడిగేవాళ్లు నెలకొకళ్లు వస్తే గొప్ప. అందుకే శ్రద్ధగా చెప్తున్నాను, శ్రద్ధగా చెయ్యి.

ముందు పెన్ను విప్పి ఇంకు పారబొయ్యి. చల్లటి నీళ్లతో, నీళ్లు తెల్లగా వచ్చేదాకా కడుగు. ఒక పూట ఆరనివ్వు. తర్వాత గొట్టంలో ఉత్త నీళ్లు పోసి బిగించి, తెల్లకాగితం చుట్టి కాసేపు పట్టుకో. కాగితం ఎక్కడ తడుస్తుందో చూడు. గొట్టం అడుగున తడిస్తే పగులు ఉన్నట్టు, దానికి మందు లేదు, పారెయ్. మర బిగించే చోట తడిస్తే అక్కడ సందు ఉన్నట్టు. నూటికి తొంభై అదే అయ్యుంటుంది.

ఈ కవరులో చిన్న కాగితంలో చుట్టి నూలుపోగు పెట్టాను. మన పెడన ఇంట్లో మగ్గం ఆగి పదేళ్లయినా నూలు కండెలు ఇంకా అటక మీదే ఉన్నాయి, అందులోంచి తెచ్చుకున్నది. పోగుకి కొవ్వొత్తి బాగా రుద్ది, మర మొదట్లో రెండు చుట్లు చుట్టు. మర బిగిసే వైపే చుట్టాలి. ఎదురు చుట్టావంటే బిగించేటప్పుడు ఊడి చేతికొస్తుంది. పోగు మీద మర బిగిస్తే ఇంకు బయటికి రాదు.

ఒక్క మాట గుర్తు పెట్టుకో. మామగారు ఎప్పుడూ ఒకసారికి ఒక్కటే మార్చేవారు. నూలు చుట్టిన రోజు పాళీ జోలికి వెళ్లేవారు కాదు. అన్నీ ఒకేసారి మారిస్తే, బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదనేవారు.

వేడి చేసిందంటున్నావు. సబ్జా గింజలు పంపిస్తాను, నానబెట్టుకుని తాగు. మెస్సులో మజ్జిగ ఇస్తే సిగ్గుపడకుండా రెండో గ్లాసు అడుగు. ఆవకాయ కొన్నాళ్లు మానెయ్. పరీక్షల ముందు వేడి చేయడం మామూలే. టెన్త్ చదివేటప్పుడు నాకూ కళ్లు మండిపోయేవి, మా అమ్మ నడినెత్తిన ఆముదం పెట్టేది.

మీ నాన్న ఆ మాట అన్నాడు కానీ, వాడికి నీ మీద ప్రాణం. తమ్ముడని వెనకేసుకు రావడం లేదు. వాడు భయస్తుడు, భయం వేస్తే ముందు అడ్డం పడతాడు. నేను హామీ ఉన్నాను కదా, నువ్వు చదువుకో.

మల్లీశ్వరి అత్త


పటమట
నవంబరు 30, పొద్దున్న

అత్తా,

నా పెన్ను బతికింది.

కడగడానికి బాత్‌రూమ్ బేసిన్ దగ్గర పెట్టుకుంటే నీలం నీళ్లు చూసి రెండో అంతస్తు అమ్మాయిలంతా వచ్చి నిలబడ్డారు. నూలుపోగు మొదటిసారి ఎదురే చుట్టాను. నువ్వు రాసినా సరే. బిగించేసరికి మొత్తం ఊడి వచ్చింది. మార్త పగలబడి నవ్వి, ఉత్తరం తనే చదువుతూ నాచేత మళ్లీ చుట్టించింది. కాగితం పరీక్షలో మర దగ్గరే తడిసింది, నువ్వు చెప్పినట్టే. ఇప్పుడు నాలుగు రోజులుగా ఒక్క బొట్టు లేదు. ఈ ఉత్తరం చూడు, ఎంత శుభ్రంగా ఉందో.

సబ్జా గింజలు అందాయి, తాగుతున్నాను. అన్నమే పెద్దగా దిగడం లేదు. మెస్సు వంట అంతేలే. లంగా నాడా బిగించి కట్టుకోవాల్సి వస్తోందంటే మార్త, "పరీక్షలయ్యేసరికి నువ్వు సినిమాల్లోకి పోవచ్చు" అంటోంది.

సాయంత్రం స్టడీ అవర్ ఐదింటి నుంచి ఎనిమిది దాకా పెంచారు. ఆ మూడు గంటలే కష్టం. మిగతా రోజంతా బాగానే గడుస్తుంది.

ఉషశ్రీ


పటమట
డిసెంబరు 8

అత్తా,

మళ్లీ మొదలైంది. మొదటి పేజీ పైన మరక చూశావుగా, ఇప్పుడే పడింది. నూలు గట్టిగానే ఉంది, మర దగ్గర తడి లేదు. పాళీ కొసనే ఊరుతోంది. పొద్దున్న క్లాసులో బుద్ధిగా రాస్తుంది. సాయంత్రం అయ్యేసరికి దానికేదో పూనుతోంది.

నిన్న వీక్లీ టెస్టులో యాభై ఆరో ర్యాంకు. స్పెషల్ బ్యాచ్ అరవై మందితో ఆగిపోతుంది. ఫిజిక్సు లెక్కలన్నీ వచ్చు అత్తా. ఐదు దాటాక తల బరువెక్కి పేజీ ముందు కూర్చుంటే ఆ పెన్ను మీదే ధ్యాస. ఎప్పుడు పడుతుందో, ఎక్కడ పడుతుందో అని. ఒక్కోసారి రాయడం మానేసి దానివంకే చూస్తూ కూర్చుంటున్నాను.

త్వరగా ఏదో ఒకటి చెప్పు.

ఉషశ్రీ


పామర్రు
డిసెంబరు 10

చిన్నీ,

ర్యాంకు సంగతి తర్వాత, ముందు పెన్ను సంగతి. పెన్ను వల్ల ర్యాంకు పోతే అది నా ర్యాంకే పోయినట్టు.

పాళీ కింద నల్లటి ముక్క ఉంటుంది చూడు, దాన్ని మేం నాలుక అంటాం. పాళీకీ నాలుకకీ మధ్య ఎడం వస్తే ఇంకు అదుపు లేకుండా దిగుతుంది. మెస్సులో టీకి పెట్టిన వేడినీళ్లు గ్లాసుడు అడుగు. పాళీ కొస అందులో ముంచి పది లెక్కపెట్టు. తీసి, గుడ్డతో పట్టుకుని, బొటనవేలితో పాళీని నాలుకకి అదిమి చల్లారేదాకా ఉంచు. అంతే. గట్టిగా వంచావంటే పాళీ నోరు తెరుచుకుంటుంది.

రెండోది. గొట్టంలో ఇంకు సగానికి తగ్గనివ్వకు. సగం ఖాళీ అయితే పైన గాలి చేరుతుంది. చేతి వేడికి ఆ గాలి ఉబ్బి ఇంకుని కిందికి నెడుతుంది. నీ ఫిజిక్సులో ఇదంతా ఉండే ఉంటుంది, మా మామగారు ఫిజిక్సు చదవకుండానే చెప్పేవారు.

ఈ రెండూ ఒకేరోజు చేయకు. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు రోజులు ఆగు. అప్పటికీ కక్కితే, పెన్నులో మార్చడానికి ఇంకేం మిగలదు. అప్పుడు చెయ్యి మార్చి చూడు. ఒక సాయంత్రం నీ పెన్ను మార్తకిచ్చి, నువ్వు మార్త పెన్నుతో రాయి. కొందరు పెన్నుని పీక నొక్కినట్టు పట్టుకుంటారు, దానివల్ల కూడా కక్కుతుంది. మార్త చేతిలో ఏం చేస్తుందో చూసి రాయి. ఏ పూట రాశావో కూడా ఉత్తరం పైన వెయ్యి.

అన్నం దిగడం లేదన్నావు. నాలుగు ముద్దలు ఎక్కువ తిను. మీ మావయ్య నీకోసం కాకరకాయ కారం కొట్టించారు, వేడి తగ్గాక పంపుతాను.

అత్త


పటమట
డిసెంబరు 20, సాయంత్రం ఆరు

అత్తా,

నువ్వు చెప్పినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేశాను. నాలుక అదిమాను, రెండు రోజులు ఆగాను, అయినా సాయంత్రం కక్కింది. గొట్టం నిండా ఇంకు పోసుకున్నాను. ఆ ఒక్కరోజు కక్కలేదు, సంబరపడ్డాను. మర్నాడు సగానికి దిగాక మళ్లీ మామూలే.

తర్వాత మార్తకిచ్చాను. వరసగా మూడు సాయంత్రాలు. సగం ఇంకుతో, ఎనిమిది దాకా రాసింది. ఒక్క బొట్టు లేదు. మార్త నాకంటే గట్టిగా పట్టుకుంటుంది, పెన్ను కిర్రుమంటుంది కూడా. నాలుగో సాయంత్రం నేను తీసుకున్నాను. ఇరవై నిమిషాల్లో పడింది. మార్త నన్నూ పెన్నునీ మార్చి మార్చి చూసి, "దానికి నువ్వంటే గిట్టదే" అంది.

అదే పెన్ను అత్తా, అదే ఇంకు, అదే బల్ల. మార్త దగ్గర బుద్ధిగా ఉండి నా దగ్గరే ఎందుకిలా చేస్తోంది? నవ్వులాటకి రాయడం లేదు. నాకు భయంగా ఉంది. ఇదే పేజీలో రెండుసార్లు పడింది, తుడిచాను. ఇంక ఈ పెన్ను సంగతి వదిలేద్దాం. బాల్ పెన్నుతోనే రాస్తాను. నువ్వు కూడా దీని గురించి ఆలోచించకు.

ఉషశ్రీ


పామర్రు
డిసెంబరు 23

చిన్నీ,

ఇది స్పీడు పోస్టులో పంపుతున్నాను. చదివిన వెంటనే జవాబు రాయి.

ఆలోచించకు అన్నావు కాబట్టే ఆలోచించాను. నువ్వు ఏ పనీ మధ్యలో వదిలే పిల్లవి కాదు. షాపులో ఎవరూ లేనప్పుడు నీ ఉత్తరాలన్నీ కౌంటరు మీద పరిచాను. పొద్దున్న రాసింది కడిగిన పళ్లెంలా ఉంది. సాయంత్రం రాసిన వాటి మీద మరకలు. మార్త చేతిలో మూడు సాయంత్రాలూ మరక లేదు.

నా దగ్గర నీ పెన్నుకి జత పెన్ను ఉంది. సగం ఇంకు పోసి సాయంత్రం పూట రెండు పేజీలు రాశాను, కక్కలేదు. మీ మావయ్యకి పెట్టిన టీ గ్లాసుని కాసేపు గుప్పిట పట్టుకుని, ఆ వేడి చేత్తో పెన్ను గొట్టం పొదివి పట్టుకుని మళ్లీ రాశాను. పది లైన్లు నిండకుండానే బొట్టు పడింది. అలా మూడుసార్లు చేశాను. మూడుసార్లూ పడింది. టీ చల్లారిపోయిందని మీ మావయ్య విసుక్కున్నారు.

లోపం పెన్నులో లేదు. సాయంత్రమయ్యేసరికి నీ చెయ్యి కాలుతోంది.

వేడి చేసిందని నువ్వు రాసినప్పుడు నేను సబ్జా గింజలు పంపాను. వేడి చేసిన ఒళ్లు సాయంత్రం ఐదు కొట్టగానే కాలడం, పొద్దున్నకి చల్లబడడం ఉండదు. అన్నం దిగడం లేదన్నావు, నాడా బిగించుకుంటున్నానన్నావు, తల బరువన్నావు. అన్నీ రాశావు, ఆ ఒక్క మాట తప్ప. నీకు రోజూ సాయంత్రం జ్వరం వస్తోందా? ఎన్నాళ్లుగా? నాకు నిజం కావాలి.

మీ హాస్టలుకి ఫోను చేద్దామంటే నా నంబరు వాళ్ల పుస్తకంలో లేదు. వద్దామంటే విజిటర్ కార్డు మీద మీ అమ్మా నాన్నల ఫొటోలే ఉన్నాయి. కాబట్టి నీ జవాబు కోసం కూర్చుంటాను. ఎక్కువ రోజులు కూర్చోను.

అత్త


పటమట
డిసెంబరు 26, పొద్దున్న

అత్తా,

నీ ఉత్తరం బాత్‌రూమ్‌లో చదువుకున్నాను. మార్తకి కూడా చూపించలేదు.

అవును. అక్టోబరు నెలాఖరు నుంచి. ఐదున్నరకి మొదలవుతుంది, ముందు కాస్త చలి, తర్వాత ఒళ్లు కాలుతుంది. పడుకున్నాక చెమట పట్టి దిగిపోతుంది. పొద్దున్న లేచేసరికి ఏమీ ఉండదు. అందుకే ఇది జ్వరం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. మార్త పెట్టెలో పారాసిటమాల్ ఉంటే వేసుకుంటున్నాను. ఎడమ చెవి కింద మెడ మీద చిక్కుడు గింజంత గడ్డ తగులుతోంది, నొప్పి లేదు. చున్నీతో కప్పుకుంటున్నాను.

వేడి చేసిందని రాసినప్పుడు అబద్ధం రాయలేదు అత్తా. ఆ మాట రాస్తే నువ్వు కనిపెడతావని ఒకవైపు, కనిపెట్టకూడదని ఒకవైపు. సబ్జా గింజలు వచ్చినరోజు హమ్మయ్య అనుకున్నాను. తర్వాత పడుకుని ఏడ్చాను. ఎందుకో నాకే తెలియదు.

ఆగస్టులో సీ బ్లాకు అమ్మాయికి కామెర్లొస్తే వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. నెల తర్వాత వచ్చింది. మామూలు సెక్షన్లో వేశారు. పదిహేను రోజులుండి తనే వెళ్లిపోయింది. ఇక్కడ ఎవరూ ఎవరికోసం ఆగరు. నాకు వెళ్లి రావడం కూడా ఉండదు, వెళ్లడమే ఉంటుంది. నాన్న మాట నీకు తెలుసు. పెడనలో మన కొట్లో చీరలు మడతపెడుతూ కూర్చోవాలి. నేను డాక్టరవుతానని నువ్వే అందరికీ చెప్పావు.

జనవరి ఇరవై నుంచి ప్రీఫైనల్స్, మార్చిలో పరీక్షలు. రెండు నెలలే. రెండు నెలలుగా ఓర్చుకున్నదాన్ని, ఇంకో రెండు ఓర్చుకోలేనా? పరీక్షలు అయిన మర్నాడు నేనే చెప్తాను, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. అప్పటిదాకా నాన్నకి చెప్పకు. దండం పెడుతున్నాను.

చెప్పావంటే ఇంక నీకు ఉత్తరం రాయను. నిజంగా రాయను.

ఉషశ్రీ


పామర్రు
డిసెంబరు 31

చిన్నీ,

మీ నాన్నకి చెప్పేశాను.

మొన్న నీ ఉత్తరం అందింది. ఆరోజంతా దాన్ని జాకెట్లో పెట్టుకుని తిరిగాను. దండం పెడుతున్నానన్న మాట దగ్గర ఆగిపోయేదాన్ని. రెండు నెలలే కదా అని నేనూ అనుకున్నాను. మళ్లీ పైకి వెళ్లి గడ్డ దగ్గర ఆగేదాన్ని. నిన్న పొద్దున్న పెడన బస్సెక్కాను.

కొట్లో ఇద్దరు ఆడవాళ్లు చీరలు చూస్తున్నారు. వాళ్లని వెళ్లనిచ్చి చెప్దామనుకున్నాను, ఆగలేకపోయాను. శంకరం, చిన్నికి రెండు నెలలుగా జ్వరం వస్తోందిరా అన్నాను. మీ నాన్న అరవలేదు. చేతిలో ఉన్న చీర మడత పెట్టాడు. మడత తప్పింది. విప్పి మళ్లీ పెట్టాడు, మళ్లీ తప్పింది. వాడు పుట్టి బుద్ధెరిగాక మడత తప్పడం నేను చూడలేదు. చివరికి చీర పక్కన పెట్టి, "ప్రతి ఆదివారం అడిగానక్కా. బ్రహ్మాండంగా ఉన్నానంది" అన్నాడు. "నువ్వేగా హామీ ఉన్నావు" అన్నాడు.

ఎల్లుండి శుక్రవారం పొద్దున్న వాడూ మీ అమ్మా వచ్చి నిన్ను ఆస్పత్రికి తీసుకెళ్తారు. నేను రావడం లేదు. నన్ను చూస్తే నీకు కోపం వస్తుంది, డాక్టరు ముందు కోపంతో సగం చెప్తావు. అన్నీ చెప్పు. చెమట సంగతీ, గడ్డ సంగతీ, మింగిన మాత్రల సంగతీ.

కాలేజీ సంగతి మీ నాన్న ఏమీ అనలేదు. నేను అడగలేదు. ఉత్తరం రాయనన్నావు. సరే.

అత్త


పెడన
జనవరి 19

అత్తకు,

నాన్న రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. మచిలీపట్నంలో గడ్డలోంచి సూదితో తీసి పరీక్ష చేశారు. టీబీ అన్నారు. మెడ గడ్డల్లో వచ్చేది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఆరు నెలలు మందులు వాడాలి. అయినా మార్తకి కూడా పరీక్ష చేయించారట, దానికేమీ లేదని తెలిసేదాకా నేను నిద్రపోలేదు. ఇంకో రెండు నెలలు ఆగి ఉంటే ఏమయ్యేదని అమ్మ డాక్టర్ని అడిగింది. ఆయన మందుల చీటీ అమ్మ చేతిలో పెట్టి, ఒక్కరోజు కూడా తప్పకూడదన్నారు.

నాన్న నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిడితే బాగుండేది. పొద్దున్నే మందులు తనే అరచేతిలో పెట్టి, మింగేదాకా నిలబడతాడు. నా పెట్టె అటక మీద పెట్టేశాడు. రేపటి నుంచి ప్రీఫైనల్స్.

నువ్వు చేసింది మంచిదేనని అందరూ అంటున్నారు. కావచ్చు. నాకు మాత్రం నీకు అన్ని ఉత్తరాలు రాసి ఉండకూడదనిపిస్తోంది.

ఉషశ్రీ


పామర్రు
జనవరి 27

చిన్నీ,

మీ నాన్నకి చెప్పినందుకు క్షమించమని అడగను. మళ్లీ అయినా అదే చేస్తాను. క్షమించమని అడగాల్సింది వేరే ఉంది. నవంబరు పదిహేడున నువ్వు రాసిన మాటని నేను మజ్జిగతో సరిపెట్టాను. కాగితం ఎక్కడ తడుస్తుందో చూడమని నీకు నేర్పుతూ, నీ ఉత్తరంలో తడి నేను చూడలేదు. ఐదు వారాలు. అది నా తప్పు, రోజూ తలుచుకుంటున్నాను. షాపులో ఎవరైనా వేడి చేసిందంటే, సాయంత్రం పూట జ్వరం వస్తోందా అని అడుగుతున్నాను.

ఇంకో సంగతి. నిన్న మీ నాన్న ఇక్కడికి వచ్చాడు. మందులు పడ్డాక పదిరోజులుగా నీకు జ్వరం లేదట. కాలేజీకి పంపొచ్చని డాక్టరు అన్నారట. మళ్లీ జ్వరం వస్తే మాత్రం ఆరోజే తీసుకురావాలట. ఇంతా చెప్పి, "పంపితే, జ్వరం వస్తే చెప్తుందా అక్కా? నువ్వు హామీ ఉంటావా?" అని అడిగాడు.

ఉండనన్నాను. కిందటిసారి ఉండి చూశాను, నీ ఒంటికి నేను హామీ ఉండలేను. అది చిన్నే ఉండాలి, దాన్నే అడుగు అన్నాను. వాడు టీ తాగకుండా వెళ్లిపోయాడు. మీ మావయ్య నామీద మండిపడుతున్నారు, పిల్ల నోటిదగ్గర కూడు తీశానని. నిజంగా తీశానేమోనని నాకూ భయంగానే ఉంది. నిన్ను అడిగినప్పుడు నువ్వేం చెప్తావో నాకు తెలియదు.

అత్త


పటమట
ఫిబ్రవరి 24, సాయంత్రం

అత్తా,

నెల తర్వాత రాస్తున్నాను. నాన్న అడిగాడు. చెప్తానన్నాను. అంతకంటే ఏమీ అడక్కుండా అటకెక్కి పెట్టె దించాడు. మామూలు సెక్షన్లోనే వేశారు, అయినా ఇబ్బంది లేదు. కొత్తగా ఏమీ చెప్పడం లేదు, చదివినవే చదువుకుంటున్నాం. కనకలక్ష్మి గారని వార్డెన్, నా మందులు తన గదిలో పెట్టుకుని రోజూ పిలిచి మింగిస్తారు. నీ మీద కోపం ఎప్పుడు పోయిందో తెలియదు. రాయాలని చాలాసార్లు కూర్చున్నాను, సిగ్గుపడి మానేశాను.

ఇవాళ జ్వరం వచ్చింది.

ఐదుంబావుకి చలిగా అనిపించింది. ఫ్యాను కింద కూర్చున్నానేమో అనుకుని అవతలికి జరిగాను. ఆరింటికి గదికి వచ్చి నాన్న కొనిచ్చిన థర్మామీటరు పెట్టుకుంటే నూటొకటి. విదిలించి మళ్లీ పెట్టుకున్నాను. నూటొకటి. మార్త స్టడీ అవర్లో ఉంది, గదిలో ఎవరూ లేరు, ఎవరూ చూడలేదు. వచ్చే సోమవారం మొదటి పేపరు. వారం కూడా లేదు అత్తా. ఒక్క మాత్ర వేసుకుంటే దిగిపోతుంది. మార్త పెట్టె తెరిచే ఉంది. నేను దానివంక చాలాసేపు చూశాను. నీకు అబద్ధం చెప్పను, చెయ్యి కూడా పెట్టాను.

మందులు పనిచేస్తున్నా మధ్యలో ఇలా ఒకటి రెండుసార్లు రావచ్చని డాక్టరు అన్నారు. ఇది అదే కావచ్చు. కాకపోనూవచ్చు. నాన్న రేపు పొద్దున్నకల్లా వస్తాడు. తీసుకెళ్తే సోమవారానికి తిరిగి తెస్తాడో లేదో తెలియదు. ఈ ఏడాదంతా పోతుందేమో. చాలా భయంగా ఉంది.

ఇది మడిచి కిందికి వెళ్తాను. కనకలక్ష్మి గారికి చెప్పి, నాన్నకి ఫోను చేయించమంటాను. నేనే మాట్లాడతాను. ఒంట్లో ఎలా ఉందమ్మా అని అడుగుతాడు కదా.

ఈ ఉత్తరం నీకు అందేసరికి ఆయనకి చెప్పేసి ఉంటాను.

చిన్ని